వేయించి నానబెట్టిన రాగులు

దస్తగిరికి తన నోటి మీద మహా నమ్మకం. కొండ కింది తకియాలో, అంటే ఫకీర్ల మఠంలో, మౌలాసాబు శిష్యులందరిలోకీ అతనిలా బోధ చెప్పేవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. ఏటి అవతల కట్టిన కొత్త తకియా తనకే అప్పగిస్తారని గట్టి ఆశ కూడా.

అలాంటివాడికి ఓబులేసు తగిలాడు. పొలం గట్టు తగాదాలో తమ్ముడితో మాటలు మానేసి, మనసు నిమ్మళం లేక వచ్చిన రైతు. అతని మనసు మార్చే పని మౌలాసాబు దస్తగిరికే ఒప్పజెప్పాడు.

వచ్చిన పూటే మొదలుపెట్టాడు దస్తగిరి. కోపం పాపమన్నాడు, నరకం చూపించాడు, పదిమందిలో దులిపేశాడు. ఓబులేసు మనసు మార్చుకోలేదు సరికదా, మూట సర్దుకున్నాడు.

దస్తగిరికి తల కొట్టేసినట్టయింది.

“వాడు బండరాయి, సాబూ. నా మాటకే కరగనోడు ఇంకెవరికీ కరగడు. పోనీండి.”

“నాలుగు రోజులు ఉండమన్నాలే,” అన్నాడు మౌలాసాబు.

ఆయన పొయ్యి దగ్గర కూర్చుని, తకియాకు వచ్చే రోగుల జావకోసం తెచ్చిన రాగుల్లోంచి గుప్పెడు తీసి పెనం మీద వేయించాడు. వాటిని ఒక ముంతలో, పచ్చివి మరో ముంతలో నానబోశాడు.

దస్తగిరికి నవ్వొచ్చింది. “మొలకలొచ్చి ఎండినాక గదా సాబూ వేయించేది!”

“అట్లనా?” అని ఆయన తన పని తాను చేసుకుపోయాడు.

నానినవాటిని గుడ్డల్లో కట్టి ఉంచితే, రెండు రోజుల్లో పచ్చివి మొలకెత్తాయి, వేయించినవి అట్లే ఉన్నాయి. తర్వాత రెంటినీ ఎండబెట్టి, దస్తగిరి అరచేతిలో పోశాడు. మొలకెత్తిన గింజ వేళ్ళ మధ్య నలిపితే తెల్లటి పిండైపోయింది. వేయించింది ఎంత నొక్కినా వేలికి గుచ్చుకుందే తప్ప నలగలేదు.

“గింజ లోపల పిండి చుట్టూ గోడలుంటాయిరా. రెంటికీ నీళ్ళొకటే, గుడ్డొకటే. ఈ మొలకెత్తినదాంట్లో గోడలు ఎవరు కూల్చారు?”

“గింజే, సాబూ. మేలుకున్నాక దానిలోనే రసమేదో ఊరి కరిగించుకుంటాది.”

ఆ రసాలకు ఇప్పటి చదువులవాళ్ళు ఎంజైములని పేరు పెట్టారు. దస్తగిరికి పేరు తెలియదుగానీ జవాబు తెలుసు. చెప్పి, మెచ్చుకుంటాడని గర్వంగా చూశాడు.

మౌలాసాబు అడిగాడు: “ఓబులేసును వేయించే ముందు ఎన్నాళ్ళు నానబెట్టావు నాయనా?”

దస్తగిరికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆ సాయంత్రం వెళ్ళి ఓబులేసు పక్కన కూర్చున్నాడు. చీకటి పడేసరికి ఓబులేసే మాట మొదలుపెట్టాడు.

“మా తమ్ముడు చిన్నప్పుడు నా పక్కలోనే పడుకునేవాడన్నా...”

దస్తగిరి నాలుక దాకా వచ్చిన బోధను మింగి, వింటూ కూర్చున్నాడు.