గంప కింద కోళ్లు

దస్తగిరి మూట కట్టుకున్నాడు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, జపమాల, అంతే. ఇక ఈ దర్గాలో ఉండలేనని ఆ పొద్దున తేల్చేసుకున్నాడు. ధ్యానం నేర్చుకుందామని అంతదూరం నుంచి వచ్చినవాడు చివరికి కోళ్లకు ఓడిపోయాడు.

నవ్వకండి, కోళ్లతో వేగడమంటే మాటలు కాదు. మొక్కు తీరినవాళ్లు కోడిని తెచ్చి వదిలిపోవడం ఆ దర్గాలో ఆనవాయితీ. ఇంకోచోటైతే ఆ పూటకే పులుసయ్యేది. ఇక్కడి గురువు లతీఫ్ బాబా మాత్రం, "పీరుకని వదిలినదాన్ని మనమెట్లా కోస్తాంరా" అని ఊరుకునేవాడు. జనం మొక్కులు తీరుతూనే ఉన్నాయి, పెరడు నిండుతూనే ఉంది. గుడ్డు పెట్టిన పెట్ట ఊరంతా చాటేది. పెట్టనివి దానికి వంత పాడేవి. వీటికి తోడు ఒక ఎర్ర పుంజు వేళాపాళా లేకుండా కూసేది.

దస్తగిరి కళ్లు మూసుకోవడమే ఆలస్యం, గోల మొదలు. పాపం, తనకు తోచిందల్లా చేశాడు. గంపల కింద మూశాడు. ఆ ఇరుకులో అవి ఒకదాన్నొకటి పొడుచుకుని ఇంకా అరిచాయి. పళ్లెంలో జొన్నలు పోశాడు. అవి కాస్తా గుటుక్కుమనిపించి, అరిస్తే జొన్నలొస్తాయని నేర్చుకున్నాయి. దస్తగిరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"సెలవిప్పించండి బాబా," అన్నాడు అరుగు దగ్గర నిలబడి. "నిద్ర లేదు, ధ్యానం లేదు. నావల్ల కాదు."

బాబా ముసలివాడు, మోకాళ్ల నొప్పి మనిషి. ఉండమని బతిమాలలేదు.

"పోదువులే. గంపలు ఎత్తిపో. మూసింది నువ్వే గదా."

దస్తగిరి మూట అరుగు మీద పెట్టి గంపలు ఎత్తాడు. కోళ్లు ఒక్కసారిగా బయటపడి పెరడంతా ఏకం చేశాయి.

బాబా గుప్పెడు జొన్నలు తీసుకుని, చేతికర్ర ఊనుకుంటూ గోడ వారకు నడిచాడు. అక్కడ ఎండిన వేపాకుల కుప్ప ఉంది. జొన్నలు అందులో చల్లి, కర్రతో కలియబెట్టాడు. కోళ్లన్నీ వచ్చి కుప్పమీద పడ్డాయి. తలలు వంచి గెలకడం మొదలుపెట్టాయి. కాసేపటికి ఆకుల గలగల తప్ప వేరే చప్పుడు లేదు.

దస్తగిరి నోరు తెరుచుకుని చూశాడు. "కడుపు నిండా పెట్టినా ఊరుకోలేదే ఇవి!"

"తోచక అరిచాయిరా," అన్నాడు బాబా. "ఇప్పుడు నిశ్శబ్దమే గదా. కాసేపు కూర్చుని పో."

దస్తగిరి కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెరట్లో చప్పుడు లేదు. అప్పుడు లోపల మొదలైంది. ఇంటికి పోతే అన్న ఏమంటాడో. ఊళ్లోవాళ్లు ఎంత నవ్వుతారో. వదిన ఎప్పుడో అన్న మాట. నిన్నటి పప్పులో తక్కువైన ఉప్పు. ఒకటి లేస్తే దాని వెనక ఇంకొకటి. ఎంత అదిమితే అంత గోల.

కళ్లు తెరిచాడు. ముఖం పాలిపోయింది.

"బాబా, కోళ్లు ఊరుకున్నాయి. కానీ..."

మిగతాది బాబా అడగలేదు. "ఆకులన్నీ చిమ్మేశాయి చూడు. మళ్లీ కుప్ప చెయ్యి. గింజలు అడుక్కి పోవాల."

దస్తగిరికి ఒంట్లో ఓపిక లేదు. ఆఖరి పనే గదా అని చీపురు పట్టుకున్నాడు. అతను ఊడ్చి కుప్ప పెడితే కోళ్లు చిమ్మేవి. చిమ్మినదాన్ని మళ్లీ ఊడ్చేవాడు. విసుగొచ్చింది, నడుము లాగింది. తర్వాత ఆ విసుగు ఎటు పోయిందో తెలియదు. చీపురు విసిరినప్పుడల్లా పెదాల మీద దేవుడి పేరు ఆడుతోంది. అది ఎప్పుడు మొదలైందో అతనికీ తెలియదు.

ఎండ నడినెత్తికి వచ్చాక బాబా అరుగు మీంచి కేకేశాడు.

"ఏంరా, ఎర్ర పుంజు అంత గొంతేసుకుని కూసిందే, నీకేమీ అనిపించలేదా?"

"కూసిందా బాబా?"

దస్తగిరి చెమట తుడుచుకుని మూట కోసం వచ్చాడు. ఒక నల్ల పెట్ట దాని మీదికెక్కి, దుప్పటిని గుంట చేసుకుని ఒదిగి కూర్చుంది. అతను చెయ్యి చాపాడు.

"లేపకు," అన్నాడు బాబా. "గుడ్డు పెట్టనీ."

దస్తగిరి మళ్లీ చీపురు అందుకున్నాడు.