నూకాలు గడ్డి వాటా

ఆ వేసవిలో అడవంతా ఎండిపోయి, వాగు మలుపులో మాత్రమే కాస్త పచ్చగడ్డి మిగిలింది. కొట్లాటలు వద్దని, పెద్దరికం చేసే ఎద్దు సింగన్న అందరికీ వాటాలు వేశాడు. ఒక్కో వాటాకి సమానమైన నాలుగు వెదురు బొంగులు నేల మీద చదరంగా పరిచి, మూలల్లో నారతో కట్టించాడు. లోపలి గడ్డి ఒక కుటుంబానిది. కాపలాకి నక్క గురవయ్యను పెట్టారు. గడ్డి తినని వాడికి గడ్డి మీద ఆశ ఏముంటుందని అందరూ అనుకున్నారు.

గురవయ్య ఆశ గొర్రె నూకాలు కూతురి మీద. బతికున్న పిల్లను ముట్టుకుంటే సింగన్న కొమ్ములు ఊరుకోవు. చచ్చినదాన్ని ఎత్తుకుపోతే అడిగేవాళ్లుండరు. అందుకని నూకాలు పిల్లతో నీళ్లకు వెళ్లినప్పుడల్లా వాళ్ల చదరం మూలను కొద్దిగా లోపలికి నెట్టేవాడు. చదరం పక్కకి ఒరిగి సన్నబడేది. బయటపడ్డ గడ్డిని పక్క వాటా మేకపోతు మేసేసి, ఏమీ ఎరగనట్టు ఉండేవాడు.

పిల్లకు పాలు చాలడం లేదు. చోటు ఇరుకైనట్టుందని నూకాలు అడిగితే, గురవయ్య నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"బొంగులు కొలుచుకో అక్కా. ఒక్కటి పొట్టిగా ఉన్నా నన్ను కాపలా మాన్పించు."

ఆమె ఒక్కో బొంగు పక్కనే నడిచి చూసింది. నాలుగూ సమానమే. తన ఆకలే పెరిగిందేమోనని సిగ్గుపడి, తాను తినడం తగ్గించి పిల్లకు వదిలింది. పాలు ఇంకా తగ్గాయి. ఒక పొద్దున పిల్ల లేవలేదు. రోగం అందరికీ అంటుకుంటుందని చెప్పి గురవయ్యే దాన్ని పొదల్లోకి ఈడ్చుకుపోయాడు.

నూకాలు ఏడుస్తూ సింగన్నను పిలుచుకొచ్చింది. అతను ఆమె బొంగుల్ని పక్క వాటా బొంగులతో సరిచూశాడు.

"కాస్త ఒరిగినట్టుంది, అంతేనమ్మా. బొంగులు ఎవరూ నరకలేదు. నీ వాటా నీకే ఉంది," అన్నాడు జాలిగా.

అందరూ వెళ్లాక నూకాలు బయటికి పొడుచుకొచ్చిన ఒక మూల మీద వాలిపోయింది. బొంగులు కదిలాయి. ఆమె ఆ మూలను తలతో ఇంకాస్త లోపలికి నెట్టింది. అవే నాలుగు బొంగులు విచ్చుకుని, ఎన్నాళ్లుగానో తన వాటాలో లేని నేల లోపలికి వచ్చింది. వేళ్ల దాకా మేకపోతు కొరికేసిన నేల. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. సింగన్నను మళ్లీ పిలవబోయి ఆగిపోయింది. ఆ నేలంతా తిరిగొచ్చినా, పాలు తాగడానికి ఎవరున్నారు?

నాలుగు పక్కలూ సమానమని చూసి వాటా సమానమనుకోకూడదు. మూలల్ని ఎవరు కదుపుతున్నారో కూడా చూసుకోవాలి.