మీగడ చెదరని బండి

కథకు కాళ్ళు లేవంటారు గానీ, ఈ కథకు చక్రాలున్నాయి. గతుకులపాడు రాజు ఉద్దండ భూపతిగారికి రెండు పికప్పు బండ్లు ఉండేవి. ఒక పొద్దున ఆయనకు రోషం పొడుచుకొచ్చింది.

"పొరుగు రాజు తన ఎత్తు బండిలోంచి నన్ను చిన్నచూపు చూశాడయ్యా! ఎల్లుండి కుండ పట్టుకుని వాళ్ళ కోటకు వెళ్ళాలి. ఈలోగా నా బండి పైకి లేవాలి!"

ఆ కుండ సంగతి చెప్పాలి. ఏటా కోతలయ్యాక గతుకులపాడు రాజు గడ్డపెరుగు కుండను తన ఒళ్ళోనే పెట్టుకుని పొరుగు కోటకు తీసుకెళ్ళాలి. మీగడ చెదిరిందా, ఏడాదంతా నవ్వులపాలే. దారి చూస్తే పొలిమేర దాకా ఐదు కోసుల గతుకులాయె!

ఆస్థాన యంత్ర పండితుడు భుజంగరావు మీసం దువ్వాడు. "మూరెడు ఎత్తు లేపే లిఫ్ట్ కిట్ వేస్తాను ప్రభూ! కుదుపు మింగే షాకబ్జర్లంటారా, రాయిలా బిర్రుగా ఉన్నవే వేస్తాను. రాజుగారి బండి ఊగితే ఏం మర్యాద?"

డ్రైవరు దస్తగిరి ముందుకొచ్చాడు. పన్నెండేళ్ళుగా ఆ దారిలో అతనికి తెలియని గుంట లేదు.

"ఏలినవారూ, నాలుగు వేళ్ళ ఎత్తు చాలు. షాకబ్జర్లు మాత్రం మెత్తనివి కావాలి."

"నాలుగు వేళ్ళా! బండికా, చెప్పుకా?" అని భుజంగరావు పగలబడి నవ్వాడు.

రాజుకు సరదా పుట్టింది. "చెరో బండీ బిగించండి. రేపు కుండలతో ఆ దారినే నడిపి చూద్దాం. ఓడినవాడు కొలువు వదలాలి!"

దస్తగిరి తాళంచెవి మీద భుజంగరావు బావమరిదికి ఎప్పట్నించో కన్నుంది. ఆ సంగతి దస్తగిరికి తెలియంది కాదు. దేవుడిమీద భారం వేసి పానా పట్టాడు.

మర్నాటికి భుజంగరావు బండి ఎక్కాలంటే నిచ్చెన కావాల్సి వచ్చింది. రాజు మురిసిపోయాడు. రెండో బండి వంక చూడనైనా లేదు.

దస్తగిరి చేతులు కట్టుకున్నాడు. "గెలుపు పండితులవారిదే అయ్యేట్టుంది ఏలినవారూ. ఒక్క మనవి. వారి బండి నేను నడిపితే కావాలని కుదిపానంటారు. వారి బావమరిదినే నడపనివ్వండి. కుండ పట్టే గౌరవం కూడా ఈ పూటకి పండితులవారికే ఇప్పించండి."

రాజుగారు పట్టే కుండే! భుజంగరావు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. జరీ తలపాగా సర్దుకుని, నిచ్చెనెక్కి, కుండ ఒళ్ళో పెట్టుకున్నాడు. రాజు ఇంకో కుండతో దస్తగిరి బండిలో కూర్చుని వెనకాలే బయల్దేరాడు.

ఇహ చూడాలి ఆ ముచ్చట! ముందు బండి ఎగిరెగిరి పడుతోంది. తలపాగా తుమ్మకొమ్మకు తగులుకుని అక్కడే ఉండిపోయింది. "ఓరి నాయనో!" అన్న కేకలు ఐదు కోసులూ వినిపించాయి. వెనక బండిలో రాజు మాత్రం చిన్న కునుకు తీశాడు.

పొలిమేర రాయి దగ్గర బండ్లు ఆగాయి. రాజు కుండలో మీగడ మీద గీతైనా పడలేదు. భుజంగరావు మీసాల వెంట మజ్జిగ కారుతోంది.

"అయినా ఎత్తు చూడండి ప్రభూ!" అన్నాడు, ఇంకా ఊగుతూనే.

దస్తగిరి అతని కుండలో చెయ్యి పెట్టి, పిడికెడు వెన్న పైకి తీశాడు.

"పండితులవారిని ఏమీ అనకండి ఏలినవారూ. వారు చేసింది బండి కాదు, కవ్వం!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ తన బంగారు కడియం తీసి దస్తగిరి చేతికి తొడిగాడు. "తాళంచెవి నీదేరా! రేపు నాలుగు వేళ్ళ బండిలోనే పోదాం. ఆ పొరుగు రాజు ఎంత ఎత్తునుంచి చూసినా కనబడేది చెదరని మీగడే!"

"మరి నా కొలువు ప్రభూ?" అన్నాడు భుజంగరావు, మీసాలు తుడుచుకుంటూ.

"నిన్నెలా వదులుకుంటానయ్యా! రేపట్నుంచి కోటలో వెన్నంతా నీ బండిలోనే చిలకాలి!"