నిర్మాల్యం కాల్చని చల్లగుంట

ఊటదిన్నె మాగాణమ్మ తల్లి మాన్యాన్ని చవుడు చేసింది మా భక్తే. ఈ మాట చెప్పడానికి మా ఊళ్ళో ఎవరూ వెనుకాడరు, ఎందుకంటే దాన్ని బాగుచేసిందీ ఈ ఊరే. నేడు ఇక్కడికి వచ్చే భక్తులు ముందు గుడి వెనుకనున్న చల్లగుంటకు మొక్కి, ఆ తర్వాతే అమ్మవారిని దర్శిస్తారు. పూలు, విస్తళ్ళు, అరటి బోదెలు అన్నీ ఆ గుంటకే చేరతాయి.

పూర్వం ఇక్కడ నిర్మాల్యం ఎవరి కాలికిందా పడరాదని కాల్చేవారు. ఆ బూడిద అమ్మ విభూతి అని ఏటేటా మాన్యంలో చల్లేవారు. అసలే క్షారం హెచ్చైన నేల. బూడిదలోనూ ఉండేది క్షారమే. కొన్నేళ్ళకు మడిమీద తెల్లని పొర పేరుకుంది. నీరు ఇంకదు, దున్నితే ఒక్క వానపాము కనబడదు. పంట తగ్గిందని జనం మరింత బూడిద పోశారు.

చివరికి నైవేద్యానికి గింజ లేకపోయింది. ఇంకో రెండు పంటలు చూసి, అమ్మవారిని ఏటి అవతలి ఊరికి ఒప్పగించాలని గ్రామపెద్ద ఓబుళరెడ్డి తీర్మానించాడు. చాకలి మద్దమ్మ అడ్డుపడింది. బట్టలుతకడానికి చవుటి మన్ను ఆమె ఆ మడిలోనే తవ్వుకునేది.

“ఈ మన్నుతో నా గుడ్డలు తెల్లబడతాయి రెడ్డీ, నీ మడి పచ్చబడదు.”

“గుడ్డలుతికేదానివి, మడికి మందు చెబుతావా?”

“మురికి సంగతి నాకు తెలిసినంత నీకు తెలియదులే.”

ఆ రెండు పంటలకూ మాన్యం మళ్ళను తనకు వదలమని అడిగి, గుడి వెనుక గుంట తీయించింది. నిర్మాల్యం, ఎంగిలి విస్తళ్ళు, పేడ, కానుగ రొట్ట అందులో వేసి తొక్కించింది. నిర్మాల్యంలో ఎంగిలి కలిపిందని ఊరు తిట్టింది. ఆమె లెక్కచేయలేదు గాని తొందరపడింది. నెల తిరక్కుండానే, ఇంకా ఆవిరి చిమ్ముతున్న చెత్తను మడికెత్తింది. నాట్లు పసుపెక్కి పడిపోయాయి. ఒక పంట పోయింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చాకిరేవు దగ్గర కునుకుపట్టగా మాగాణమ్మ కలలో కనబడింది. “పచ్చిది పెడితే అరిగించుకోవడానికే నేల బలం చాలదు. గుంట చల్లబడనీ,” అన్నది.

మద్దమ్మ ఈసారి ఆగింది. గుంటను తిరగేసి, నీళ్ళు చల్లి, రోజూ చేయి పెట్టి చూసింది. వేడి పోయి, చెత్త నల్లబడి, తొలకరి మట్టి వాసన వచ్చాకే మడికి మోసింది. మాన్యంలో ఎరువు చేరిన నాలుగు మళ్ళలో తెల్లపొర విరిగింది. మాగిన ఎరువులోని పులుపు క్షారాన్ని అణచింది, నీరు ఇంకింది, నాగటి చాలులో వానపాములు తేలాయి. ఆ పంట నైవేద్యానికి సరిపోయి విత్తనానికి మిగిలింది. అమ్మవారు కదలలేదు. ఆ స్థలానికి చల్లగుంట అన్న పేరు స్థిరపడింది.

ఓబుళరెడ్డి ఆమెకు ఒక మడి రాసిస్తానన్నాడు. ఆమె వద్దని, ఏటా గుంటలోని మొదటి గంప ఊళ్ళో అన్నిటికంటే చెడ్డ చేనికి వెళ్ళాలని కోరింది. నేటికీ ఏరువాక పున్నమినాడు గుంట తెరవగానే ఒక రైతు ముందుకొచ్చి, “నా చేనే చెడ్డది,” అని పదిమందిలో ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్నవారి నేల మూడేళ్ళలో తేరుకుంటుందని మా నమ్మకం.

మద్దమ్మ ఆ తర్వాత ఇరవై ఏరువాకలు చూసింది. ఇరవైసార్లూ మొదటి గంప తానే మోసింది. ఒక్కసారి కూడా దాన్ని మాన్యానికి వేయాల్సి రాలేదు.