మూడో నంబరు బల్ల మీది మచ్చలు

"అమ్మా, తమది కాని ఇంటిని మనుషులు ఎందుకు పాడు చేస్తారు?"

నూకరత్నం ఈ మాట అడిగేసరికి భూలోకమ్మగారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఎనభై దాటిన మనిషి, ఆశ్రమంలో అందరికీ అమ్మ. చూపు తగ్గింది గానీ వేళ్ళు మాత్రం ఒక్క పీచు కూడా వదలవు.

"నువ్వు చూశావా, పాడు చేస్తూ ఉంటే?" అని అడిగారు.

"చూడాలా ఏమిటమ్మా? వాళ్ళు వెళ్ళాక గది చూస్తే తెలియదూ?"

అమ్మ ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు. అంతే. ఎంతసేపు నిలబడినా ఇంకో మాట రాలేదు. అమ్మ దగ్గర అంతే, అడిగినవాళ్ళు నిలబడి నిలబడి వెళ్ళిపోవలసిందే.

భీమిలి దాటాక సముద్రానికి ఎదురుగా ఉన్న గుట్ట మీద ఉంది ఆ ఆశ్రమం. ఆశ్రమమంటే రెండు పాకలూ, ఒక వంటశాలా, అమ్మా. పక్కనే నాలుగు ఫ్లాట్ల మేడ ఒకటుంది. పిల్లలు లేని ఒక దాత పోతూపోతూ రాసిచ్చింది. నాలుగింటిలోనూ బల్లా కుర్చీలూ కర్టెన్లూ అన్నీ ఒకే రకం. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఆ ఫ్లాట్లు రెండేసి రోజులు, మూడేసి రోజులు అద్దెకిస్తారు. ఆ వచ్చినదాంతోనే మధ్యాహ్నం వంటశాలలో అందరికీ అన్నం.

ఆ నాలుగు తాళాలూ నూకరత్నం నడుముకే ఉంటాయి.

పాతికేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసిన మనిషి ఆవిడ. పిల్లల దిండు కింద ఏముందో దిండు ఎత్తకుండా చెప్పేదని పేరు. పన్నెండేళ్ళ కిందట అమ్మ దగ్గరికి వచ్చి, చీర మార్చింది, తిండి మార్చింది, ఆ కళ్ళు మాత్రం మార్చుకోలేదు.

ఫ్లాటు తలుపు వెనక ఒక కాగితం అంటించింది. గిన్నెలు తోమి బోర్లించాలి. దుప్పట్లు మడిచి కుర్చీ మీద పెట్టాలి. చెత్త మీరే గేటు దగ్గర డబ్బాలో వెయ్యాలి. ఇసుక కాళ్ళతో గడప దాటకూడదు. స్నానాల గది తుడిచి పొడిగా ఉంచాలి. ఇలా పదిహేడు వాక్యాలు. ఇవన్నీ కాక, దిగేటప్పుడే శుభ్రపరిచే రుసుమని ఎనిమిది వందలు విడిగా కట్టించుకునేది.

"అన్నీ మేమే చేస్తే మరి ఆ రుసుం దేనికండీ?" అని ఒకాయన అడిగాడు.

"మీరు చేశారో లేదో చూడ్డానికి" అంది రత్నం.

ఇంత చేసినా ఆవిడకి భయం తీరలేదు. ఆ భయం వేరు.

కిందటి వేసవిలో ఒకటో నంబరులో మిక్సీ జారు మూత కనబడలేదు. దిగినవాళ్ళు తమకి తెలియదన్నారు. అసలు వాళ్ళు వచ్చేనాటికి మూత ఉందా లేదా? ఎంత తలుచుకున్నా రత్నానికి గుర్తు రాలేదు. ఆశ్రమం లెక్కలు చూసే ట్రస్టులో ఒకాయన నవ్వుతూ, "మేడమ్‌గారికి మతిమరుపు వచ్చినట్టుంది. తాళాలు ఎవరికైనా వయసులో ఉన్నవాళ్ళకి ఇచ్చేద్దామా?" అన్నాడు. అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది. ఆ రాత్రి నిద్రపోలేదు.

నెల తరవాత ఆ మూత తన గదిలోనే, ఉప్పు డబ్బా మీద కనబడింది. ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచీ మొదలైంది ఫోనులో ఫొటోలు తియ్యడం. ఎవరు దిగబోతున్నా ముందురోజే ఫ్లాటంతా ఫొటో తీసేది. బల్ల, మంచం, కొళాయి, కిటికీ అద్దం, ఆఖరికి చీపురు కూడా. మనిషి మరిచిపోతుంది, ఫోను మరిచిపోదు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఫోను చేత్తో పట్టుకుని గదిగదీ తిరిగేది. ఏదో ఒకటి దొరికేది. దొరక్కపోతే, దొరకలేదే అని ఇంకా అనుమానం వచ్చేది.

చిక్కుళ్ళ నాటి మాట అయిన వారానికి మూడో నంబరులోకి సాలూరు నుంచి ఇద్దరు దిగారు. కృష్ణవేణి అని ఒక టైలరు, నలభై ఏళ్ళుంటాయి. వెంట ఆమె తల్లి. డెబ్భై ఏళ్ళొచ్చినా ఆ ముసలావిడ సముద్రం చూడలేదట. చూపిస్తానని కూతురు తీసుకొచ్చింది.

ముసలావిడ తలుపు వెనక కాగితం కూతురి చేత చదివించుకుని విన్నది. పదో వాక్యానికే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగవే వేణీ. డబ్బులిచ్చి మరీ పాచిపనికి కుదిరినట్టున్నాం మనం!"

రత్నం విననట్టు నటించింది. కానీ ఆ మాట మనసులో పెట్టుకుంది. ఇలా మాట్లాడేవాళ్ళే ఏదో ఒకటి చేసి పోతారు.

మూడో రోజు పొద్దున్న పదిన్నర బస్సుకి వాళ్ళు వెళ్ళాలి. తొమ్మిదింటికే రత్నం ఫోను పట్టుకుని వెళ్ళింది.

ఫ్లాటు అద్దంలా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. దుప్పట్లు ఇస్త్రీ చేసినట్టు మడిచి ఉన్నాయి. స్నానాల గదిలో చుక్క నీళ్ళు లేవు. కిటికీ పట్టాల సందులో ఇసుక కూడా గుడ్డ పెట్టి తీశారు. అది కాగితంలో లేదు.

ఇంత శుభ్రం చేశారంటే ఏదో దాచారన్నమాట.

మంచం కింద చూసింది. పరుపు ఎత్తి చూసింది. చివరికి భోజనాల బల్ల దగ్గర ఆగింది. తెల్లటి సన్‌మైకా బల్ల. దాని మీద పూల ప్లాస్టిక్ గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కొస పట్టుకుని ఎత్తింది.

బల్ల నడుమ మూడు కాలిన మచ్చలు. రూపాయి బిళ్ళంతేసి, గోధుమరంగులో.

"ఇదేమిటి?"

కృష్ణవేణి వంగి చూసింది. "మాకు తెలీదండి. మేం గుడ్డ ఎత్తలేదు."

"గుడ్డ ఎవరు వేశారు?"

"మేం వచ్చేసరికే ఉందండి."

రత్నం ఫోను తిప్పి చూపించింది. "ఇదిగో, శుక్రవారం తీసిన ఫొటో. బల్ల మీద గుడ్డా లేదు, మచ్చా లేదు. చూడు. ఫోను అబద్ధం చెప్తుందా?"

కృష్ణవేణి ఫొటో చూసింది, బల్ల చూసింది. అదే బల్ల. అవే నాలుగు కుర్చీలు. అదే నీలం కర్టెను.

"ఇది మరి ఎలాగయిందో... మా అమ్మ మీద ఒట్టండి."

"నా మీద ఒట్టెందుకే? నేనేం చేశానని?" అంది ముసలావిడ. అని రత్నం వైపు తిరిగి, "వారగా ఒక దీపం వెలిగించినా కాలిన వాసన మూడు రోజులుంటాది తల్లీ. నీకు వాసనేస్తందా?" అంది.

రత్నం రిజిస్టరు తెరిచింది. బల్ల పాడు చేసినట్టు ఒప్పుకుంటూ కింద సంతకం పెట్టమంది. అది ట్రస్టువాళ్ళు చూస్తారు. పైన సన్‌మైకా మార్పించడానికి రెండువేలు అవుతుంది.

"రెండువేలూ ఇస్తానండి" అంది కృష్ణవేణి. "నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టుకుంటాను. సంతకం మాత్రం పెట్టను."

"డబ్బు ఇస్తానంటున్నావంటే చేసినట్టేగా?"

"బస్సుకి టైమయిపోతందని ఇస్తానన్నాను. చెయ్యని పని చేశానని నా చేత్తో ఎలా రాస్తానండి? మా అమ్మ ఇక్కడే ఉంది. చూస్తంది."

తరవాత కృష్ణవేణి కొంగు దోపుకుంది.

"కాస్త చింతపండూ ఉప్పూ ఉంటే ఇప్పించండి. మచ్చ పోయిందంటే ఇంక రాయక్కర్లేదు కదా?"

"పోతే చూద్దాం" అంది రత్నం.

కాలిన మచ్చ చింతపండుకి పోదని రత్నానికి తెలుసు. తెలిసే తెచ్చి ఇచ్చింది. కృష్ణవేణి రెండు మోచేతుల మీదా బరువు వేసి తోముతూ ఉంటే, రత్నం మెట్లు దిగి అమ్మ దగ్గరికి వెళ్ళింది.

"చూశావా అని అడిగారుగా ఆ రోజు. రండి, మీరే చూద్దురు గాని."

అమ్మ కర్ర పట్టుకుని వచ్చారు. రెండో అంతస్తు ఎక్కడానికి పావుగంట పట్టింది. గుమ్మంలో చెప్పులు విడిచి, బల్ల దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి మూడు మచ్చల మీదా వేలు పెట్టి తడిమారు. కృష్ణవేణి చేతుల వైపు చూశారు. చింతపండు పులుపుకి వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

వచ్చిన దారినే కిందికి దిగారు.

అమ్మకి కోపం వచ్చింది అనుకుంది రత్నం. వస్తే మంచిదే. ఇంతకాలానికి తన మాట నిజమైంది.

అమ్మ మళ్ళీ మెట్లు ఎక్కి వచ్చారు. ఈసారి చేతిలో కర్ర లేదు. రెండు చేతులతో ఒక ఇనుప కుంపటి పొట్టకి ఆనించుకుని, గోడకి భుజం రాసుకుంటూ వచ్చారు. రొప్పుతున్నారు. ముసలావిడ లేచి ఒక చెయ్యి వేసింది. ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి దాన్ని బల్ల మీదికి ఎత్తారు.

కుంపటికి మూడు కాళ్ళు. అమ్మ దాన్ని కొంచెం ఇటు తిప్పి, కొంచెం అటు జరిపి వదిలారు. మూడు కాళ్ళూ మూడు మచ్చల మీద కూర్చున్నాయి.

"అద్గదీ!" అంది ముసలావిడ. "దూడ తల్లి దగ్గరికి చేరినట్టు చేరిపోయింది."

కృష్ణవేణి తోమడం ఆపి, చేతులు చీరకి తుడుచుకుంది.

రత్నం కుంపటి వంక చూసింది, అమ్మ వంక చూసింది. పన్నెండేళ్ళుగా అమ్మ మాటకి ఎదురు చెప్పింది లేదు.

"అమ్మా... మీరు జాలిపడి, వీళ్ళని తప్పించడానికే..."

మాట నోట్లోంచి వచ్చాక గానీ, తను ఎవరిని అనుమానించిందో తనకి వినపడలేదు.

అమ్మకి కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఊపిరి తీసుకున్నారు.

"తుపాను వచ్చిన రోజుల ఫొటోలు ఉన్నాయా అందులో?"

రత్నం ఫోనులో వెనక్కి జరపడం మొదలుపెట్టింది. చీపుర్లు, కొళాయిలు, మంచాలు జరిగిపోయాయి. కిందటేడు దీపావళి ముందు తుపానుకి అమ్మ పాక కప్పు లేచిపోయింది. అమ్మని మూడో నంబరులోకి తెచ్చి ఉంచారు. కరెంటు లేదు, గ్యాసు అయిపోయింది. అదంతా గుర్తుంది. వాన గుర్తుంది. అమ్మ అందరికీ గంజి కాచి పోశారని గుర్తుంది. దేని మీద కాచారు?

ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది.

తెల్లటి బల్ల. మూడు నల్లటి మచ్చలు, చుట్టూ ఇంకా బూడిద. ఒక వార నుంచి తడిగుడ్డ పట్టుకున్న ముడతల చెయ్యి. ఫొటో కింద తనే టైపు కొట్టి పెట్టుకున్న ముక్క: "మూడో నంబరు. అమ్మ కుంపటి మచ్చలు. గుడ్డ కప్పాను."

రత్నం ఆ ముక్క రెండుసార్లు చదివింది. కొట్టిన వేళ్ళు తనవే. కొట్టిన గుర్తు రవ్వంత కూడా లేదు. గుడ్డ ఎక్కడ కొన్నదో, ఎప్పుడు పరిచిందో, ఏదీ లేదు. గోడ మీద సున్నం వేసినట్టు ఖాళీ.

మళ్ళీ ఫోనులో శుక్రవారంనాటి ఫొటో తెరిచింది. ఇప్పుడు బల్ల చూడలేదు, బల్ల వెనక కిటికీ చూసింది. కిటికీలో నల్లటి నీళ్ళ ట్యాంకు కనబడుతోంది. తల ఎత్తి ఎదురుగా ఉన్న కిటికీ చూసింది. అందులో సముద్రం తప్ప ఏమీ లేదు. ట్యాంకు కనబడేది రెండో నంబరులోంచి. శుక్రవారం తను ఫొటో తీసింది ఆ ఫ్లాటుని.

"టైమయిపోయింది, మేం వెళ్ళొస్తామండి" అని కృష్ణవేణి అన్నది ఆవిడకి దూరంగా వినబడింది. మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది.

రత్నం ఫోను బల్ల మీద పెట్టింది.

"ఇదంతా నాకు తెలీదమ్మా. ఒట్టు. నాకు అసలు గుర్తే లేదు."

"ఒట్టెందుకు? నమ్ముతున్నాను" అన్నారు అమ్మ.

తడిసిన చింతపండు పిప్పి బల్ల మీదినుంచి దోసిట్లోకి తీసుకున్నారు. తీసుకుంటూ, చిక్కుడుకాయ ఈనె లాగినంత మెల్లగా అన్నారు:

"మరుపు నీది. మచ్చ నాది. తోమింది ఆవిడ."

రత్నం మెట్లు దిగింది. గేటు దాటింది. బస్సు ఆగేచోట తుమ్మచెట్టు కింద వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. బస్సు ఇంకా రాలేదు.

ముసలావిడ ముందు చూసింది. "మళ్ళీ వస్తందే ఆవిడ" అంది.

కృష్ణవేణి తిరిగి చూసింది. రత్నం నోరు తెరిచేలోపే భుజానున్న సంచి దించి నేల మీద పెట్టింది. జిప్పు ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగి, రెండు పక్కలా చేతులతో విప్పి పట్టుకుని, పక్కకి తప్పుకుంది. పైనే తడి చీర, మడిచిన తువ్వాలు, సముద్రపు నీళ్ళు పట్టిన సీసా.

"చూసుకోండి" అంది. గొంతులో కోపం లేదు.

రత్నం ఆ సంచి ముందు కూర్చుంది. లోపలికి చూడలేదు. రెండు అంచులూ దగ్గరికి తెచ్చి జిప్పు లాగింది. ఇసుక పడి సగంలో పట్టేసింది. మూతితో ఇసుక ఊది, గోటితో ఒక్కొక్క పన్నూ సర్ది, మళ్ళీ లాగింది.

మలుపులో బస్సు హారను వినబడింది. కృష్ణవేణి చెయ్యి చాపింది. రత్నం సంచి ఇవ్వలేదు. తన భుజానికి తగిలించుకుని, రెండో చేత్తో ముసలావిడ మోచెయ్యి పట్టుకుని, బస్సు మెట్టు దగ్గరికి నడిచింది.