పిల్లి కంచం పక్కన నేల ఎందుకు గీరుతుంది?

ఒకప్పుడు పిల్లికి ముక్కు ఊపిరి పీల్చడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. ఎవరు ఏం పెట్టినా వాసన చూసేది కాదు. ఆగేది కాదు, ఆలోచించేది కాదు. గుటుక్కున మింగేసేది. మింగేశాక మూతి నాక్కుంటూ, "ఇంతకీ నేను తిన్నదేమిటి?" అని పక్కవాళ్ళని అడిగేది.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున, ఉప్పు మడుల పక్కన, అచ్చియ్యమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె భర్త గవరయ్య ఆ మడుల్లో పనిచేసేవాడు. సముద్రపు నీళ్ళని మడుల్లోకి మళ్ళించడం, ఎండకి నీళ్ళు ఇగిరిపోయాక అడుగున మిగిలిన ఉప్పుని పొడుగాటి చెక్కతో లాగి కుప్ప పోయడం అతని పని.

అచ్చియ్యమ్మ ఇంటి ముందు పొయ్యి మీద మూకుడు పెట్టి జంతికలు, చేగోడీలు, చెక్కలు వేయించేది. మడుల్లో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం అక్కడికొచ్చి కూర్చునేవాళ్ళు. పొద్దున్నించీ ఎండలో ఒళ్ళంతా చెమట కారిపోయినవాళ్ళు కదా, ఉప్పుప్పగా ఉన్న జంతిక ఒకటి నోట్లో పడితే వాళ్ళకి ప్రాణం లేచొచ్చినట్టుండేది.

"అచ్చియ్యమ్మా, రేపు ఇంకాస్త ఉప్పు తగిలించు" అనేవాళ్ళు.

"సరేనర్రా" అని ఆమె మర్నాడు ఇంకాస్త తగిలించేది.

ఒకరోజు పొయ్యి దగ్గరికి బూడిదరంగు పిల్లి ఒకటి వచ్చింది. నిండు చూలాలు. పొయ్యి పక్కన కట్టెల మోపు వెనకాల సందు చూసుకుని అక్కడే పిల్లల్ని పెట్టింది. తెల్లారి అచ్చియ్యమ్మ కట్టెల కోసం వంగి చూస్తే, తల్లి పొట్టకి అతుక్కుని గుడ్డి గుడ్డి పిల్లలు కదులుతున్నాయి.

"ఏమయ్యోయ్! మనింటికి బాలింత వచ్చింది!" అని కేకేసింది. గవరయ్య వచ్చి చూసి నవ్వి, ఆ కట్టెలు ముట్టుకోవద్దని వేరే మోపు తెచ్చిపెట్టాడు.

బాలింతకి ఏదో ఒకటి పెట్టాలి కదా. అచ్చియ్యమ్మ పొయ్యి వెలిగించి ఆ రోజుకి మొదటి జంతిక దించింది. చల్లారనిచ్చి, విరిచి, పిల్లి ముందు వేసింది.

పిల్లి ఎప్పటిలాగే వాసన చూడలేదు. కరకర నమిలి మింగేసింది. "ఇదేమిటమ్మా, ఇంత బాగుంది?" అంది.

"జంతిక తల్లీ. ఇంకోటి తింటావా?"

"పెడితే ఎందుకు తినను?"

అలా మొదలైంది. పొద్దున్న చెక్క, మధ్యాహ్నం చేగోడీ, సాయంత్రం మూకుడు అడుగున మిగిలిన కారప్పూస. ఇదివరకు పిల్లి రోజూ ఒడ్డుకి వెళ్ళి, వలల్లోంచి జారిపడిన చిన్న చేపల్ని ఏరుకుని తినేది. ఇప్పుడు అంత దూరం నడవడమెందుకని మానేసింది.

ఒళ్ళు బరువెక్కింది. బొచ్చు గరుకెక్కింది. నాలుక ఎప్పుడూ పిడచగట్టుకునే ఉండేది. పిల్లలు పాలకోసం వస్తే, "ఉండండర్రా, కాస్త ఆగండి" అని పక్కకి ఒత్తిగిలేది. ఎందుకలా ఉంటోందో దానికీ తెలీదు, అచ్చియ్యమ్మకీ తెలీదు. ఆమెకి తెలిసిందల్లా ఆ పిల్లి తన చేతి వంటని ఇష్టంగా తింటోందని. వండే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఇలా ఉండగా ఒక మంచి ఎండాకాలపు మధ్యాహ్నం, మంచినీళ్ళు అయిపోయాయి. ఉప్పు మడుల చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. తాగే నీళ్ళకి దూరంగా కొబ్బరితోటలో ఉన్న బావికి వెళ్ళాలి. "పిల్లిని చూస్తూ ఉండండర్రా" అని పనివాళ్ళకి చెప్పి, అచ్చియ్యమ్మ బిందెలు తీసుకుని బయల్దేరింది.

పనివాళ్ళు పిల్లిని చూస్తూనే ఉన్నారు. చూస్తూ ఒకాయన తన ఆకులోంచి చెక్క ఒకటి వేశాడు. పిల్లి గుటుక్కున మింగేసింది. అందరూ నవ్వారు. పక్కాయన చేగోడీ వేశాడు. ఆ పక్కావిడ జంతిక వేసింది. "పాపం, పాలిచ్చే తల్లి" అంటూ ఇంకొకావిడ గుప్పెడు కారప్పూస వేసింది. ఎవరికి వాళ్ళు తాము పెట్టింది కొంచెమే కదా అనుకున్నారు. పిల్లి మాత్రం అందరిదీ తింది.

తిని, వాళ్ళు మళ్ళీ పనికి వెళ్ళిపోయాక, దానికి దాహం వేసింది.

మామూలు దాహం కాదు. గొంతులో మంట పెట్టినట్టుంది. పరుగున ఇంట్లోకి వెళ్ళి కుండలో తలపెట్టింది. కుండ ఖాళీ. పొయ్యి దగ్గర చెంబు చూసింది. చెంబూ ఖాళీయే.

బయటికొస్తే ఎదురుగా మడి నిండా నీళ్ళు, అద్దంలా మెరుస్తున్నాయి. ఒక్క గెంతు గెంతి నాలుక పెట్టింది. అబ్బ! నాలుక చుర్రుమంది.

అక్కణ్ణించి సముద్రం దగ్గరికి పరిగెత్తింది. ఇసకలో దాని కాళ్ళు తడబడుతున్నాయి. నీళ్ళలో మూతి పెట్టబోతుంటే సముద్రం గబుక్కున వెనక్కి జరిగింది.

"ఆగమ్మా! నన్ను తాగకు!"

"దాహం తాతా. చచ్చిపోయేలా ఉన్నాను."

"నన్ను తాగితే నిజంగానే చచ్చిపోతావు. నాలో ఉన్నది నువ్విప్పుడు తిన్నదే తల్లీ. వెనక్కి వెళ్ళు, మంచినీళ్ళ దగ్గరికి వెళ్ళు."

పిల్లి వెనక్కి తిరిగింది. కడుపులో తిప్పి, తిన్నదంతా వాంతి చేసుకుంది. వెనక కాళ్ళు ఎటు వెయ్యబోతే ఎటో పడుతున్నాయి. ఇల్లు కనిపిస్తూనే ఉంది. కట్టెల వెనకాల పిల్లలు ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కానీ అంతదూరం నడవలేకపోయింది. మడి గట్టు మీద, తెల్లగా పోసి ఉన్న ఉప్పు కుప్ప పక్కన కూలబడిపోయింది.

అప్పుడు ఉప్పు మాట్లాడింది.

"ఎవరది? అచ్చియ్యమ్మ ఇంటి పిల్లివి కదూ? ఇలా అయిపోయావేం?"

"నువ్వే చేశావు" అంది పిల్లి నీరసంగా. "సముద్రం తాత చెప్పాడు. జంతికల్లో ఉన్నది నువ్వేనట. మనుషులు నిన్ను తిని లేచి పనిలోకి వెళ్తున్నారు. నన్నెందుకు పడేశావు?"

ఉప్పుకి బాధ కలిగింది. "నాకు నీ మీద పగేమీ లేదమ్మా. ఆ మనుషుల ఒళ్ళు చూడు, ఎంత పెద్దదో. ఎండలో పనిచేస్తే నేను వాళ్ళ చెమటలో కారి బయటికి పోతాను. అందుకని మళ్ళీ తింటారు. నీ ఒళ్ళు ఎంత? నీకు చెమట పట్టేది అరికాళ్ళ కిందే. లోపలికొచ్చాక నాకు బయటికి దారి దొరకదు. దారి దొరక్క నీ ఒంట్లో ఉన్న నీళ్ళన్నీ లాగేస్తాను. అది నా స్వభావం, నేనేం చెయ్యను?"

"అయితే నేను నిన్ను అసలు తినకూడదా?"

"నీకెంత కావాలో అంత నేను చేపలోనే ఉన్నాను. నువ్వు పట్టుకునే ఎలకలో ఉన్నాను. అంతవరకు నేను నీకు చుట్టాన్ని. దాని మీద ఇంకా చల్లితే నేను నీకు శత్రువుని."

"నువ్వు ఎందులో ఎక్కువున్నావో నాకెలా తెలుస్తుంది?"

"నన్ను చూసి పోల్చలేవు. వేగాక కనపడను. నాకు వాసనా లేదు." అంది ఉప్పు. "కానీ నాతో పాటు తిరిగేవాళ్ళకి వాసన ఉంది. కాగిన నూనె, కారం, వాము, ఇంగువ, ఉల్లిపాయ. ఆ ఉల్లిపాయైతే నాకన్నా నీకు చెడ్డది. వీళ్ళ వాసన తగిలిందంటే అక్కడ నేను దాక్కుని ఉన్నట్టే. నీ ముఖం మధ్యలో ముక్కు ఉందిగా? దాన్ని వాడు."

పిల్లి ఇంకేదో అడగబోయింది. కానీ కళ్ళు మూతలుపడ్డాయి.

చెక్కతో ఉప్పు లాగుతూ అటువైపు వచ్చిన గవరయ్య దాన్ని చూశాడు. చెక్క అక్కడే పడేశాడు. తల గుడ్డ విప్పి, పిల్లిని అందులో చుట్టి, ఇంటికి పరిగెత్తాడు.

అదే సమయానికి అచ్చియ్యమ్మ బిందెలతో వచ్చింది. పిల్లిని చూసి నెత్తి మీద బిందె దించడం కూడా మర్చిపోయింది.

"ఏమైందయ్యా దీనికి?"

"ముందు నీళ్ళు తే. మూతి చూడు, ఎలా ఎండిపోయిందో."

అచ్చియ్యమ్మ కొంగు చివర నీళ్ళలో ముంచి, పిల్లి పెదవుల మీద పిండింది. ఒక బొట్టు. ఆగి, ఇంకో బొట్టు. నాలుక కదిలింది. కదిలిన నాలుక మీద ఇంకో బొట్టు. ఒక్కసారిగా పొయ్యకుండా అలాగే పిండుతూ కూర్చుంది. పొయ్యి ఆరిపోయింది, కలిపిన పిండి ఎండిపోయింది, ఆమె లేవలేదు. గవరయ్య కట్టెల వెనకాల ఉన్న పిల్లల్ని తెచ్చి తల్లి పక్కన పడుకోబెట్టాడు. అవి వెతికి వెతికి, పాలు దొరక్క, గీ పెట్టాయి.

పొద్దు వాలుతుండగా పిల్లి కళ్ళు తెరిచింది. ఉప్పు తనతో చెప్పిందంతా మెల్లగా చెప్పింది.

అచ్చియ్యమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నా చేత్తోనే పెట్టాను కదయ్యా. ముద్దుచేశాననుకున్నాను."

"తెలీక పెట్టావు" అన్నాడు గవరయ్య. "దీనికీ తెలీదు, నాకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది కదా."

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కట్టెల పక్కన ఒక మూకుడు నిండా మంచినీళ్ళు ఉండేవి. అచ్చియ్యమ్మ తమ కూరలో ఉప్పు, కారం వెయ్యకముందే పిల్లికి రెండు చేపముక్కలు విడిగా ఉడికించి, ముళ్ళు తీసి పెట్టేది. పిల్లి లేచి నిలబడింది. మెల్లగా పాలు పడ్డాయి. పిల్లలు మళ్ళీ గుండ్రంగా తయారై, కట్టెల మోపు దాటి బయట తిరగడం మొదలుపెట్టాయి.

ఒకరోజు పిల్లి ఇంకా నీరసంగా ఎండలో పడుకుని ఉంది. అచ్చియ్యమ్మ జంతికలు తట్టలో ఆరబెట్టి లోపలికి వెళ్ళింది. ఎవరిదో మేక వచ్చి తట్టలో తలపెట్టింది. తట్ట బోర్లాపడింది. మేక బెదిరి పారిపోయింది. జంతికలు ముక్కలు ముక్కలై ఇసకలో చెల్లాచెదురయ్యాయి.

జంతికలు విరిగిన చప్పుడు విని పిల్లలన్నీ తోకలెత్తుకుని పరిగెత్తాయి.

"వద్దర్రా! తినకండి!" అని అరిచింది తల్లి.

"ఎందుకమ్మా? మంచి వాసనొస్తోంది!" అంది ముందున్న పిల్ల.

పిల్లల్ని ఒక్కొక్కదాన్ని మెడ పట్టుకుని లాగే బలం తల్లికి లేదు. ఒకదాన్ని లాగితే ఇంకోటి తినేస్తుంది. ఏం చెయ్యాలి? ఎలాగో లేచి, వాటికీ జంతికలకీ మధ్య దూరింది. ముందు వంగి వాసన చూసింది. నూనె. కారం. వాము. ఉప్పు చెప్పినవాళ్ళందరూ ఉన్నారక్కడ.

అంతే, ముందు కాలితో ఇసక గీరి ఆ ముక్క మీద పోసింది. పక్క ముక్క దగ్గరికి వెళ్ళింది, వాసన చూసింది, గీరి కప్పింది. రొప్పుతూ, ఆగుతూ, ఒక్కో ముక్కనీ కప్పుకుంటూ పోయింది.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశాయి. ముందున్న పిల్ల ఒక ముక్క ఎదుట కూర్చుని, అమ్మని చూసి, ముక్కు దగ్గరగా పెట్టింది. "అమ్మా, నన్ను చూడు!" అంటూ బుల్లి కాలితో ఇసక గీరింది. గీరిన ఇసక ముక్క మీద పడకుండా వెనకున్న చెల్లెలి ముఖం మీద పడింది. చెల్లెలు తుమ్మింది. అయినా తల్లి, "అలాగే తల్లీ, అలాగే" అంది.

చప్పుడుకి అచ్చియ్యమ్మ బయటికొచ్చింది. తట్ట బోర్లా పడి ఉంది. ఒక్క జంతికా కనపడటం లేదు. పిల్లీ, పిల్లలూ వరసగా నిలబడి ఇసక గీరుతున్నాయి.

"ఇదేం పనే తల్లీ?"

"నా పిల్లలకి ఇది వద్దని చెప్తున్నానమ్మా. కోపం తెచ్చుకోకు. నీ చేతి వంట బాగోలేదని కాదు."

అచ్చియ్యమ్మకి కోపం రాలేదు. గడప మీద చతికిలబడి, ఆ పిల్లల్ని చూస్తూ ఉండిపోయింది. తరవాత లేచి, ఇసక కింద ఇంకేమైనా మిగిలాయేమో వెతికి ఏరి, అందనంత దూరంగా పారేసింది.

ఆ పిల్లలు పెద్దవై తమ పిల్లలకి నేర్పాయి. అవి తమ పిల్లలకి నేర్పాయి. అప్పటినుంచే, ఎంత ఆకలిగా ఉన్నా సరే, పిల్లి ఏం పెట్టినా ముందు ముక్కు ఆనించి వాసన చూస్తుంది. తనకి సరిపడనిదైతే పక్కన నేల గీరుతుంది. ఇసక ఉన్నా గీరుతుంది, లేకున్నా గీరుతుంది. నున్నటి గచ్చు మీద, వంటింటి బండ మీద, కప్పడానికి చిటికెడు మట్టి లేని చోట కూడా, కాలు చాచి గీరుతూనే ఉంటుంది. వెనకాల దాని పిల్లలున్నాయేమో చూడండి, అవి కళ్ళార్పకుండా ఆ కాలినే చూస్తూ ఉంటాయి.