జిప్పులో ఇరుక్కున్న పులి

అనగనగా ఒక ఊళ్ళో, సూది కింద పడితే ఆఖరింటివాళ్ళు కూడా ఉలిక్కిపడేటంత చిన్న ఊళ్ళో, పైడయ్య అని ఒక దర్జీ ఉండేవాడు. అతను మిషను తొక్కితే ఆ గాలికి పక్కూళ్ళో దీపాలు ఆరిపోయేవి. నవ్వకు, ఊఁ కొట్టు.

పైడయ్యకి ఏది కనబడినా జానలతో కొలిచే అలవాటు. అన్నం పళ్ళేన్ని కొలిచేవాడు, ఆవు తోకని కొలిచేవాడు. కొలిచి, చెవి వెనకనుంచి సుద్దముక్క తీసి గీత గీసేవాడు. అతనికో కూతురు, బంగారి. నాన్న ముద్ద పెడితే తప్ప మెతుకు ముట్టేది కాదు.

ఒకరోజు నాటకం వాళ్ళు పులివేషం కుట్టమన్నారు. పైడయ్య కుట్టాడు. ఎంత పులనుకున్నావు? దాని మీసాల మీద ఊరందరి బట్టలూ ఆరేసుకోవచ్చు. తలా, పంజాలూ, తోకా అన్నీ కలిపి ఒకటే తొడుగు. పొట్ట నుంచి గడ్డం దాకా ఇత్తడి జిప్పు. దానికి లక్ష పళ్ళు! ఒక్కటీ పుచ్చిపోలేదు, నీలాగా కాదు.

అప్పుడు పైడయ్య అందులో దూరి, "నూకాలూ, జిప్పు లాగవే!" అని పెళ్ళాన్ని పిలిచాడు. నూకాలు రన్నరు పట్టుకుంది. రన్నరంటే, మనం పట్టుకుని లాగే ముక్క. జుయ్యిమని పైకి లాగింది. జిప్పు చివర అడ్డుకుట్టు వెయ్యడం పైడయ్య మర్చిపోయాడు! రన్నరు ఊడి, తుర్రుమని ఎగిరి, సూర్యుడికొక మొట్టికాయ వేసి, వచ్చి బంగారి ఒళ్ళో పడింది.

బంగారి దాన్ని గుప్పిట్లో పట్టుకుని, తలెత్తి పులిని చూసి, కెవ్వుమని అటకెక్కేసింది.

"మీ నాన్నేనే! దిగవే!" అంది నూకాలు.

"కాదు! పులి నాన్నని మింగేసింది. దాని కడుపులోంచి నాన్న గొంతు వినబడుతోంది!"

అదీ నిజమే కదా మరి.

అప్పుడు నూకాలు జిప్పుని చెరోవైపుకీ లాగింది. లాగినకొద్దీ పళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. ఆ తర్వాత కొబ్బరినూనె పోసింది. పులి నిగనిగలాడింది గానీ జిప్పు కదల్లేదు. ఆ తర్వాత కత్తెర తెచ్చింది. "వద్దే, రేపే నాటకం!" అని పులి ఏడ్చింది. ఆ కన్నీళ్ళకి వీధిలో పడవలు నడిచాయి.

పొద్దు వాలింది. అటక మీద బంగారి కడుపు కరకరలాడింది. ఆ చప్పుడు పైడయ్యకి వినబడింది. అటక ఎంతెత్తుందో అని, అలవాటు చొప్పున, పులి తన పంజాతో గోడ మీద జానలు వేసింది. వేసి, చెవి వెనక సుద్దముక్క కోసం తడుముకుంది.

బంగారి తొంగి చూసింది. "మింగిన పులికి సుద్దముక్కతో ఏం పని? నువ్వు నాన్నవే!" అంటూ గబగబా దిగి గుప్పిట తెరిచింది. "నాన్నా, దీనికి ఒకవైపు ఒక నోరు, ఇంకోవైపు రెండు నోళ్ళు ఎందుకు?"

"అమ్మ దొంగా, నీ దగ్గరుందా!" అంది పులి. "ఒక్కో పంటికీ ఒకవైపు బొడిపె, ఇంకోవైపు గుంట. దీని బొడిపె దాని గుంటలో కూచుంటుంది. రన్నరు పైకెళ్తే, రెండు నోళ్ళలో రెండు వరసలూ దూరి, కలిసిపోయి, ఒంటినోట్లోంచి వస్తాయి. కిందికొస్తే ఒంటినోట్లో దూరతాయి. లోపల మొన ఒకటుంది, అది రెంటినీ విడదీస్తుంది."

"అయితే ఒంటినోరే ముందు పెట్టాలి!"

నూకాలు జిప్పుని బిగించి పట్టుకుంది. బంగారి పై కొసలు రెండూ కలిపి ఒంటినోట్లోకి తోసి, కిందికి లాగింది. జుయ్యి! లక్ష పళ్ళూ విడివడ్డాయి. నూనె కారుతూ నాన్న బయటపడ్డాడు.

బంగారి అన్నానికి వచ్చిందనుకున్నావా? "నాన్నా, మళ్ళీ దూరు!" అంది. పైడయ్య ముందు అడ్డుకుట్టు వేసి, ఆ తర్వాత దూరాడు. జిప్పు వేస్తే పులి. తీస్తే పులి పొట్టలోంచి నాన్న చెయ్యి, చేతిలో పప్పన్నం ముద్ద. బంగారి అలా బిందెడన్నం తినేసింది.

ఏదీ, నీ రెప్పలకీ వెంట్రుకల పళ్ళున్నాయిగా? వెయ్యి జిప్పు.

పన్ను పన్ను జంటకి,
పులి తోలు దండేనికి,
నిద్ర నీ కంటికి,
కథ వెళ్ళె కంచికి,
నేను నా గురకకి!